గూగుల్ మీద కోర్టు వార్త వచ్చినప్పుడల్లా ఆల్ఫాబెట్ షేర్లు అమ్మేయాలా?

విశాఖ సీతమ్మధార నుంచి వచ్చిన ప్రశ్న సారాంశం ఇదీ. ఆరు లక్షల రూపాయలు పెట్టి కొన్న, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ షేర్ల విలువ ఇప్పుడు ఎనిమిది లక్షలు. కొని 21 నెలలైంది. ఇది కాక అమెరికా పెద్ద కంపెనీల షేర్లుండే నాస్‌డాక్ 100 ఫండ్‌లో నెలకు పది వేల సిప్ నడుస్తోంది. అమెరికాలో గూగుల్ మీద గుత్తాధిపత్యం కేసు వార్త వచ్చిన ప్రతిసారీ షేరు పడుతోంది, కంపెనీని ముక్కలు చేస్తారంటున్నారు, ఇప్పుడే అమ్మి బయటపడాలా? అదే జరిగితే మన తర్లువాడలో గూగుల్ పెడతానన్న డేటా సెంటర్ ఏమవుతుంది? ఆనందపురం వైపు ఒక ప్లాటుకు అడ్వాన్స్ కూడా ఇచ్చాను.

షేర్లు, ప్లాటు రెండూ వేర్వేరు లెక్కలండి. వాటిని కలిపి ఆలోచించడం వల్లే ఈ ఆదుర్దా రెట్టింపైంది. ముందు షేర్ల సంగతి.

ఇలాంటి కేసులో మూడు ఘట్టాలుంటాయి. ప్రభుత్వం ఫిర్యాదు వేయడం, జడ్జి తప్పు తేల్చడం, ఆ తప్పును సరిదిద్దడానికి రెమెడీ ఉత్తర్వు ఇవ్వడం. ఆ తర్వాత అప్పీళ్లు. మన టీవీల్లో రెండో ఘట్టానికే పెద్ద హెడ్డింగులు పడతాయి. షేరు ధరను నిజంగా కదిలించేది మాత్రం మూడోది. కంపెనీ తప్పు చేసిందా లేదా అన్నదాని కన్నా, ఆ తప్పుకు విధించే చర్య ఏ ఆదాయాన్ని ఎంత తాకుతుందన్నదే మదుపరి చూసుకోవాల్సింది.

అమెరికా న్యాయశాఖ సెర్చ్ కేసు వేసింది 2020 అక్టోబర్ 20న. జడ్జి అమిత్ మెహతా గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యాన్ని నిలబెట్టుకుందని తేల్చింది 2024 ఆగస్టు 5న. రెమెడీ ఉత్తర్వు 2025 సెప్టెంబర్ 2న వచ్చింది. అంటే మొదటి కాగితం నుంచి చర్య తేలేదాకా దాదాపు అయిదేళ్లు, ఆపైన అప్పీళ్ల కాలం అదనం. ఇంత నెమ్మదిగా సాగే విషయంలో ఒక్క రాత్రిలో నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం మామూలు మదుపరికి దాదాపుగా రాదు.

తీర్పు వచ్చిన ఆ 2024 ఆగస్టు 5నే చూడండి. ఆల్ఫాబెట్ సుమారు నాలుగున్నర శాతం పడింది. తీర్పు దెబ్బ అని అందరూ రాశారు. కానీ అదే రోజు జపాన్ నిక్కీ సూచీ 12 శాతం పైగా కూలింది, అమెరికా నాస్‌డాక్ కూడా మూడున్నర శాతం దాకా పడింది. పైగా తీర్పు వచ్చేసరికి అక్కడ మధ్యాహ్నం దాటింది, పతనంలో ఎక్కువ భాగం అప్పటికే జరిగిపోయింది. షేరు కదలికలోంచి మొత్తం మార్కెట్ కదలికను తీసేస్తే ఆ రోజు మిగిలేది ఒక శాతం చిల్లర. మరుసటి రోజు మార్కెట్ ఒక శాతం లేచినా ఆల్ఫాబెట్ లేవలేదు. అదీ కలిపితే తీర్పు వాటా రెండు మూడు శాతం. పెద్ద తప్పు తేలినందుకు ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే, ఎందుకంటే చర్య ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించేయాలని న్యాయశాఖ కోర్టును కోరింది 2024 నవంబర్ 20 రాత్రి. మరుసటి రోజు మార్కెట్ మొత్తం కాస్త పైకి వెళ్లినా ఆల్ఫాబెట్ ఒక్కటే దాదాపు అయిదు శాతం పడింది. ఇదీ అసలైన కేసు దెబ్బ. తీర్పు కన్నా ప్రతిపాదన ఎక్కువ కొట్టింది, ఎందుకంటే అది ఫలానా ఆస్తి పేరు చెప్పి అడిగింది. తిరిగి 2025 సెప్టెంబర్ 2న మెహతా క్రోమ్‌ను అమ్మనక్కర్లేదన్నారు. మరుసటి రోజు షేరు తొమ్మిది శాతం పెరిగింది. కంపెనీ విలువ సుమారు 23 వేల కోట్ల డాలర్లు ఒక్క రోజులో పెరిగినట్టు. తప్పు తేలిన రోజు దాదాపు 160 డాలర్ల దగ్గర భయపడి అమ్మినవారు, 230 డాలర్ల దగ్గర ఆ భయం తీరిపోవడం బయటినుంచి చూశారు. నడుమ 2025 ఏప్రిల్‌లో అదే షేరు 150 దిగువకు కూడా వెళ్లింది, అది ప్రధానంగా దిగుమతి సుంకాల గొడవకు. పట్టుకుని కూర్చున్నవాళ్లు దాన్నీ తట్టుకోవాల్సి వచ్చింది, అదీ దాచకూడదు.

మీరు ప్రత్యేకంగా గమనించాల్సిన రోజు ఇంకొకటుంది, 2025 మే 7. ఆ రోజు జడ్జి ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. రెమెడీ విచారణలో సాక్ష్యం చెబుతూ ఆపిల్ అధికారి ఎడ్డీ క్యూ, సఫారీ బ్రౌజర్‌లో సెర్చ్‌లు మొదటిసారిగా తగ్గాయని, జనం ఏఐ వైపు వెళ్లడమే కారణమని అన్నారు. ఆల్ఫాబెట్ ఏడు శాతం పైగా పడింది. మొత్తం సెర్చ్‌లు పెరుగుతూనే ఉన్నాయని గూగుల్ ఆ వెంటనే ప్రకటించాల్సి వచ్చింది. ఈ కేసులో నేరుగా కోర్టు హాల్లోంచి వచ్చిన పెద్ద దెబ్బ చట్టానిది కాదు, వ్యాపారానిది. కేసు నడిచినంత కాలం కంపెనీ లోపలి లెక్కలు, పోటీదారుల మాటలు ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాలుగా బయటికొస్తాయి. శ్రద్ధగా చదవాల్సింది వాటినే.

ఇక డబ్బు ఎక్కడ కదులుతుందో చూద్దాం. ఐఫోన్‌లో తానే డిఫాల్ట్ సెర్చ్‌గా, అంటే ముందే పెట్టి ఉండే సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని కోర్టు పత్రాల్లో ఉంది. 2021లో ఇలాంటి ఒప్పందాలన్నిటికీ కలిపి ఇచ్చింది 2,630 కోట్ల డాలర్లు. ఈ చెల్లింపులను కోర్టు పూర్తిగా నిషేధించి ఉంటే ఎవరికి నష్టం? చాలామంది గూగుల్‌కే అనుకుంటారు. నిషేధించిన మర్నాడు గూగుల్‌కు ఆ ఖర్చు మిగులుతుంది. డబ్బు రావడం ఆగేది ఆపిల్‌కు, శామ్‌సంగ్‌కు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాకు. డిఫాల్ట్ పోయాక జనంలో ఎందరు తమంతట తాము గూగుల్‌కే తిరిగి వస్తారన్నదే గూగుల్‌కు అసలు ప్రశ్న. మెహతా చెల్లింపులను ఆపలేదు, ఇంకెవరినీ పెట్టకూడదనే షరతుతో కూడిన ఒప్పందాలను ఆపారు. కొంత సెర్చ్ డేటాను అర్హులైన పోటీదారులకు ఇవ్వాలన్నారు. డిసెంబర్ తుది తీర్పులో డిఫాల్ట్ ఒప్పందాలకు ఏడాది గడువు కూడా పెట్టారు. సెప్టెంబర్ ఉత్తర్వుకు ఆపిల్ షేరు కూడా మూడు శాతం పైగా లేచింది. కాబట్టి ఒక కంపెనీ కేసు తీర్పు మీ ఫండ్‌లోని పక్క కంపెనీని కూడా కదిలిస్తుంది. నాస్‌డాక్ ఫండ్ ఉన్నవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇదే కొలతతో గూగుల్ మీదే ఉన్న రెండో కేసును, ప్రకటనల టెక్నాలజీ కేసును చూడండి. 2025 ఏప్రిల్ 17న జడ్జి లియోనీ బ్రింకెమా అందులోనూ గూగుల్ తప్పు తేల్చారు. షేరు ఒకటిన్నర శాతం లోపే కదిలింది. కారణం లెక్కలోనే ఉంది. 2024లో ఆల్ఫాబెట్ మొత్తం రాబడి 35 వేల కోట్ల డాలర్లు. అందులో సెర్చ్ తదితరాలు 19,800 కోట్లు. బయటి వెబ్‌సైట్లలో ప్రకటనలు చూపించే నెట్‌వర్క్ విభాగం 3,000 కోట్ల చిల్లర, అదీ ఏటేటా తగ్గుతూ వస్తున్నది. ఆ విభాగంలో గూగుల్‌కు మిగిలే వాటా కూడా తక్కువ, వచ్చినదాంట్లో పెద్ద భాగం వెబ్‌సైట్ల వాళ్లకే ఇచ్చేయాలి. అందుకే పెద్ద తీర్పైనా షేరు మీద చిన్న దెబ్బే పడింది. కంపెనీ త్రైమాసిక ఫలితాల్లో ఈ విభాగాల పట్టిక మొదటి పేజీల్లోనే ఉంటుంది. వార్త చదివినప్పుడు ఏ వరుస మీద దెబ్బ పడుతోందో ఆ పట్టికలో వేలు పెట్టి చూసుకోండి. అయిదు నిమిషాల పని.

జరిమానాల గురించి ఎక్కువ చెప్పను. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ విషయంలో 1,337.76 కోట్ల రూపాయలు, ప్లే స్టోర్ విషయంలో 936.44 కోట్లు వేసింది. రెండోదాన్ని అప్పీలు ట్రిబ్యునల్ 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించింది. ఐరోపా కమిషన్ 2018లో 434 కోట్ల యూరోలు, 2025 సెప్టెంబర్ 5న 295 కోట్ల యూరోలు వేసింది. ఆ చివరి జరిమానా రోజున కూడా షేరు పడలేదు. జరిమానా ఒకసారి కట్టేది. వ్యాపారం చేసే పద్ధతి మార్చమంటే అది ఏటా తగులుతుంది. హెడ్డింగులో కోట్ల అంకె కనిపిస్తే కంగారు పడకుండా, దాని కింద పద్ధతి మార్పు ఏముందో వెతకండి.

ఇదంతా విని ఎప్పుడూ అమ్మకూడదన్న తీర్మానానికి రావద్దు. మైక్రోసాఫ్ట్ చరిత్ర దానికి ఒప్పుకోదు. 1998 మేలో కేసు, 2000 ఏప్రిల్ 3న తప్పు తేలింది, ఆ ఒక్క రోజు షేరు 14 శాతం పైగా పడింది. జూన్‌లో కంపెనీని రెండు ముక్కలు చేయమని జడ్జి జాక్సన్ ఉత్తర్వు ఇచ్చారు. 2001 జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, నవంబర్‌లో ప్రభుత్వంతో రాజీ కుదిరింది. కేసు పరంగా కంపెనీ బతికిపోయింది. అయినా 1999 డిసెంబర్ నాటి ధర మళ్లీ చూడటానికి షేరుకు పదిహేనేళ్ల పైన పట్టింది. దానికి ప్రధాన కారణం కేసు కాదు, ఆ ధరే. డాట్‌కామ్ ఊపులో లాభానికి అరవై డెబ్బై రెట్లు పెట్టి కొన్నారు. మీరూ ఆల్ఫాబెట్‌ను లాభానికి ఎన్ని రెట్లకు కొన్నారో, ఇప్పుడు ఎన్ని రెట్లలో ఉందో ముందు చూసుకోండి. కేసు కన్నా అదే మిమ్మల్ని ఎక్కువ కాలం బాధపెట్టగలదు.

ఇంకో వైపు, ముక్కలు చేస్తే మదుపరి మునిగిపోతాడన్న భయం కూడా పూర్తిగా సరికాదు. 1984 జనవరి 1న అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీని విడగొట్టినప్పుడు, పది షేర్లున్నవారికి ఆ షేర్లు అలాగే ఉంచి, కొత్తగా ఏర్పడిన ఏడు ప్రాంతీయ కంపెనీల్లో ఒక్కో షేరు చొప్పున ఇచ్చారు. విడగొట్టడంలో షేర్‌హోల్డరు ఆస్తిని ఎవరూ లాక్కోరు. ముక్కలు కలిసి ఉన్నప్పటి బలం పోతుందా, విడివిడిగా ఎక్కువ పలుకుతాయా అన్నదే తేలాల్సినది.

ఇప్పుడు మీ అంకెలు. ఇవాళ అమ్మితే లాభం రెండు లక్షలు. విదేశీ షేర్లు 24 నెలలు దాటితేనే దీర్ఘకాలిక లాభం కింద 12.5 శాతం పన్ను, సెస్సుతో 13 శాతం, అంటే 26,000. మీకు ఇంకా మూడు నెలలు తక్కువ. ఇప్పుడు అమ్మితే స్లాబు రేటు. మీరు 30 శాతం స్లాబులో ఉంటే సెస్సుతో 31.2 శాతం, అంటే 62,400. తేడా 36,400. మీ ఎనిమిది లక్షల్లో ఇది నాలుగున్నర శాతం. క్రోమ్ అమ్మించాలన్న రోజున షేరు పడింది దాదాపు అయిదు శాతం. అంటే అంతటి దెబ్బ మళ్లీ పడుతుందేమోనని భయపడి, దాదాపు అంత మొత్తాన్నీ మీ చేత్తో మీరే పన్నుగా ముందే కట్టేస్తున్నారు. పైన డాలర్లను రూపాయల్లోకి మార్చే ఖర్చు, బ్యాంకు చార్జీలు ఎటూ ఉన్నాయి. ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే షేర్లు, అంటే ఆర్‌ఎస్‌యూలైతే 24 నెలలు లెక్కపెట్టేది షేర్లు చేతికి వచ్చిన తేదీ నుంచి, అవి ప్రకటించిన తేదీ నుంచి కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు.

అమ్మాక డాలర్లను బ్రోకర్ ఖాతాలో ఉంచి, ధర తగ్గాక మళ్లీ కొందామనుకుంటే ఒక గడువుంది. విదేశాలకు డబ్బు పంపనిచ్చే రిజర్వ్ బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద పంపిన సొమ్ము మళ్లీ పెట్టుబడి పెట్టకుండా ఉంటే 180 రోజుల్లో ఇండియాకు తేవాలి. తెచ్చి మళ్లీ పంపితే, ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు పంపిన మొత్తం పది లక్షలు దాటిన మేరకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) బ్యాంకు పట్టుకుంటుంది. అది పన్నులో సర్దుబాటవుతుంది, పోదు. కానీ రిటర్న్ వేసి రిఫండ్ వచ్చేదాకా మీ డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది.

అమ్మినా అమ్మకపోయినా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అది ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబర్ వరకు. ఆల్ఫాబెట్ 2024 నుంచి డివిడెండ్ ఇస్తోంది. అందులో అమెరికా 25 శాతం కోసుకుంటుంది, మీరు అమెరికా వాసి కాదని చెప్పే డబ్ల్యూ 8 బెన్ ఫారం బ్రోకర్ దగ్గర చెల్లుబాటులో ఉంటేనే ఆ రేటు. దాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవాలంటే విదేశంలో కట్టిన పన్ను వివరాలిచ్చే ఫారం వేయాలి, పాత చట్టం కింద అది ఫారం 67. రిటర్నులు చూసే మీ ఆడిటర్ గారికి బ్రోకర్ ఇచ్చే వార్షిక స్టేట్‌మెంట్ మొత్తం ఇవ్వండి, స్క్రీన్‌షాట్లతో పని జరగదు.

అమ్మడానికి కారణం ఒకటే బలంగా కనిపిస్తోంది, అది కేసు కాదు. నాస్‌డాక్ ఫండ్‌లో కూడా ఆల్ఫాబెట్ ఉంది, ఆపిల్, అమెజాన్, మెటా కూడా ఉన్నాయి. నాలుగింటి మీదా అమెరికా ప్రభుత్వం కేసులు వేసింది. మెటా మాత్రం 2025 నవంబర్ 18న గెలిచింది. ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో ఆల్ఫాబెట్ రెండు తరగతుల షేర్లు రెండు వరుసల్లో ఉంటాయి, రెండూ కూడండి. ఆ శాతంతో మీ ఫండ్ విలువను గుణించి, విడిగా ఉన్న ఎనిమిది లక్షలకు కలపండి. ఇల్లు, బంగారం పక్కనపెట్టి, మిగతా మదుపులో ఆ మొత్తం పది శాతం దాటుతుంటే తగ్గించుకోండి, అదీ 24 నెలలు నిండాక. దాటకపోతే ముట్టుకోకండి.

సిప్ మాత్రం కంగారులో ఆపొద్దు. విదేశీ పెట్టుబడులకు మన మ్యూచువల్ ఫండ్లన్నిటికీ కలిపి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అది నిండటం వల్ల చాలా ఫండ్లు 2022 నుంచి కొత్త డబ్బు తీసుకోవడం పలుమార్లు ఆపేశాయి. ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టనివ్వకపోవచ్చు. దానికి బదులు షేరులా మార్కెట్లో కొనే ఫండ్, ఈటీఎఫ్ కొందామనుకుంటే, కొనే ముందు ఐఎన్‌ఏవీ, అంటే ఆ సమయానికి యూనిట్ అసలు విలువ చూడండి. కొత్త యూనిట్లు రాక, ఉన్నవాటికే గిరాకీ పెరిగి, అసలు విలువ కన్నా ఎంతో ఎక్కువకు అమ్ముడైన రోజులున్నాయి. ఆ అదనం కరిగిపోతే అక్కడ షేర్లు పడకపోయినా ఇక్కడ మీకు నష్టమే.

ఆర్డరు వేసే సమయం కూడా చెప్పాలి. అమెరికా మార్కెట్ వేసవిలో మనకు రాత్రి 7 నుంచి ఒంటిగంటన్నర దాకా, చలికాలంలో 8 నుంచి రెండున్నర దాకా. 2025 సెప్టెంబర్ 2 ఉత్తర్వు అక్కడ మార్కెట్ మూసేశాక వచ్చింది. మనవాళ్లు తెల్లారి వార్త చూసి, సాయంత్రం ఆర్డరు పెట్టేసరికి ధర ఎప్పుడో మారిపోయింది. రాత్రి ఏడుకు మార్కెట్ ఆర్డరు క్యూలో ఉంటే ప్రారంభ ధరకే తెగుతుంది, అది ఎంత కిందైనా సరే. కొన్నా అమ్మినా లిమిట్ ధర, అంటే మీకు ఒప్పుదలైన హద్దు ధర పెట్టండి, మొదటి అరగంట వదిలేయండి.

ఇక మన ఊరి సంగతి. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి భూముల పేర్లు అప్పటి నుంచి అందరి నోట్లో ఉన్నాయి. అమెరికా కోర్టులు చూస్తున్నవి సెర్చ్ ఒప్పందాలు, ప్రకటనల వేలం. డేటా సెంటర్లు ఎక్కడ కట్టాలో ఆ కేసుల్లో లేదు. ఆల్ఫాబెట్ 2025లో ఒక్క ఏడాదిలో పెట్టిన మూలధన ఖర్చు 9,000 కోట్ల డాలర్లు దాటింది. విశాఖ వాటా అందులో ఏటా చిన్న ముక్కే. పని వేగం కరెంటు, నీళ్లు, భూసేకరణ, సముద్రపు కేబుళ్లు, ఏఐకి ఉన్న గిరాకీ వీటిని బట్టి ఉంటుంది. ఆ గిరాకీ చల్లబడితే కోర్టు ప్రమేయం లేకుండానే పనులు నెమ్మదించవచ్చు.

డేటా సెంటర్‌లో కట్టేటప్పుడు పని దొరికినంతగా నడిచేటప్పుడు దొరకదు. లోపల యంత్రాలెక్కువ, మనుషులు తక్కువ. చుట్టూ ఇళ్ల గిరాకీ ఐటీ పార్కు స్థాయిలో వస్తుందనుకుని ప్లాటుకు ధర కట్టొద్దు. అడ్వాన్స్ ఇచ్చేశారు కాబట్టి మిగతా డబ్బు కట్టేలోపు ఆ సర్వే నంబరుకు ఈసీ (పాత లావాదేవీలు, తాకట్ల వివరం) తీయించండి, 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, అడంగల్, 1బి సరిపోల్చండి, లేఅవుట్‌కు విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి నంబరు అడిగి ఆఫీసులో సరిచూసుకోండి. భూసేకరణ హద్దు ఆ సర్వే నంబరు దాకా వస్తుందేమో తహసీల్దార్ కార్యాలయంలో కనుక్కోండి. ఇందులో ఒక్కటి తేడా వచ్చినా, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మకందారుతో సంతకం పెట్టించి ఆ షరతు చేర్పించండి.